నిద్రకు పిలిచిన పట్నం

"ఊరికి ఫోన్ జేసి చెప్పు."

"ఏమని చెప్పాలె?"

"వస్తలేమని."

"నీకు నోరు లేదా? నువ్వే చెప్పరాదు?"

"నేను చెప్తే వాడు ఏడుస్తడు. నువ్వు చెప్తే తిడతడు. తిట్లే నయం తియ్యి."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. అప్పుడే తెల్లవారింది. అపార్టుమెంటు గేటు ముందు నేను చీపురు పట్టుకొని ఉన్నాను. ఆయన నవ్వుకుంటూ, పైన ట్యాంకు చూసొస్తానని మెట్లెక్కాడు. మళ్లీ తన కాళ్ల మీద దిగలేదు. మెట్ల మధ్యలో కూలబడి ఉంటే పాలప్యాకెట్లు వేసే మనిషి చూసి కేకేశాడు. దవాఖానకు తీసుకుపోయాం గానీ, చూడటానికి ఏమీ మిగల్లేదన్నారు.

వాడు అన్నది ఊళ్లో ఉన్న మా మరిదిని. మా అత్తగారి ఊరు దేవరుప్పుల దగ్గర. అంతకుముందు రోజే మరిది ఫోన్ చేసి, "అన్నా, కాలువ నీళ్లొచ్చినయి, చెరువు నిండింది. ఇంక పట్నంల ఒకల గేటుకాడ కావలెందుకు? వచ్చెయ్యుండ్రి" అన్నాడు. దానికి మా ఆయన చెప్పమన్న జవాబు అది. ఆ మాటను ఊరికి పంపేలోపు మనిషినే ఊరికి పంపవలసి వచ్చింది.

నాకు సంతకం పెట్టడం, బస్సు మీది పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. ఇదంతా రాస్తున్నది మా తమ్ముని బిడ్డ. పట్నంలోనే నర్సు పని నేర్చుకుంటోంది, సెలవు దొరికితే నా దగ్గరికి వస్తుంది. "అత్తా, ఊర్లె ఇల్లుంది, నీళ్లున్నయి, మనుషులున్నరు. నువ్వు మళ్ల పట్నమెందుకొచ్చినవ్?" అని అడిగింది. ఊరికే చెబితే సగంలో ఏడుపొస్తుంది, రాసుకో, అన్నాను. నా మాటను పుస్తకం మాటలోకి దిద్ది రాస్తోంది. దిద్దనీ. విషయం మారకుంటే చాలు.

మొదట మేం ఎందుకు వచ్చామో చెప్పాలి. అడిగినవాళ్లందరికీ కరువు అని చెప్పేవాళ్లం. ఆ మాట అంటే ఇంక ఎవరూ ఏమీ అడగరు. కరువు నిజమే. మా బోరు ఎండిపోయింది, ఇంకోటి వేస్తే అది దుమ్ము కక్కింది. కానీ కరువు ఊరందరికీ వచ్చింది, ఊరంతా కదల్లేదు. మేం ఎందుకు కదిలామంటే, ఊళ్లో పని కారుకే, అంటే పంట కాలానికే, ఉంటుంది, ఆకలి రోజూ ఉంటుంది. నాటుకు పిలుస్తారు, కలుపుకు పిలుస్తారు, కోతకు పిలుస్తారు. ఆ మధ్య రోజుల్లో మనిషి ఏం చేయాలి? మా ఆయన అరుగు మీద కూర్చొని దారిన పోయే ప్రతివాడినీ "ఎటు పోతున్నవే?" అని అడిగేవాడు. తనకు పోవడానికి చోటు లేక అడిగేవాడని నాకు తెలుసు.

ఒకనాడు అట్లా అడిగితే, పట్నంలో కట్టుబడి పనికి పోయిన ఊరి మనిషి, "మనుషుల కోసమే వచ్చిన. గని ఒంటిగాళ్లు వద్దు, జంటలే కావాలె" అన్నాడు. ఒంటిగా వచ్చినవాడు పండుగకు ఊరికి పోతే మళ్లీ రాడట. పెళ్లాంతో వచ్చినవాడు అక్కడే పొయ్యి పెట్టుకుంటాడు, నిలబడతాడు. ఆ మనిషి తన బావ వెంట పోయాడు. ఆ బావ ఎవరి వెంటో పోయాడు. మేం ఈయన వెంట పోయాం. తర్వాత మా వెంట మా ఊరివాళ్లు వచ్చారు. పట్నం పెద్దదైందని టీవీలో చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. అదేమైనా చెట్టా తనంతట తాను పెరగడానికి? ఒకరి కొంగు పట్టుకొని ఒకరం వచ్చి నిలబడ్డాం, అంతే.

మేం ఇటుకలు మోసిన అపార్టుమెంటుకే తర్వాత కావలి ఉన్నాం. గోడలు లేచేదాకా పక్కన రేకుల గుడిసెలో ఉన్నాం. మనుషులు దిగాక, సెల్లారులో లిఫ్టు పక్కన గది ఇచ్చారు. వాచ్‌మన్ అంటే పేరుకు మగవాడు గానీ వాళ్లకు కావలసింది జంటే. ఆయన గేటు, మోటరు, చెత్త చూస్తే, నేను మెట్లు ఊడ్చి, ఇళ్లలో గిన్నెలు తోమాలి. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకామె మా మాటకు తెగ నవ్వేది. "మీ భాష వింటుంటే సినిమా చూసినట్టే ఉంటుందయ్యా" అనేది. మా ఆయన, "చూడుండ్రి అమ్మా, టికెట్ లేదు" అనేవాడు. ఆమె ఇంకా నవ్వేది. ఆయన గేటు వేసి వచ్చి, "నవ్వితె నవ్వనియ్యి, నన్ను ఏ ఇంటోడివని అడుగుతలేరు గద" అనేవాడు. ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు.

పక్క గల్లీలో ఇంకో అపార్టుమెంటు ఉంది. అక్కడి వాచ్‌మన్ భార్య తరిగొప్పుల వైపు తండా నుంచి వచ్చింది. పిల్లలతో ఫోన్లో వాళ్ల భాషలో మాట్లాడుతుంది, నాతో మన భాషలో మాట్లాడుతుంది, కుక్కలను మాత్రం రెండిట్లోనూ తిడుతుంది. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అంటాను. కూరగాయల బండి దగ్గర మొదలైన పరిచయం. నాకు విషజ్వరం వచ్చి లేవలేనప్పుడు, తన గేటూ చూసుకొని, నా మెట్లూ ఊడ్చి పోయింది. మాకు పిల్లలు లేరు. ఎవరైనా అయినవాళ్లు ఉన్నారా అంటే పట్నంలో నాకు ఆమె పేరే నోట్లోకి వచ్చేది.

మా ఆయన పోయిన రోజు పీనుగను సెల్లారుకు తీసుకురాలేదు. ఎవరూ వద్దని అరవలేదు, తిట్టలేదు. "ఊరికే తీసుకుపోతారు కదమ్మా" అన్నారు, అంతే. కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లందరికీ ఇదే పద్ధతి, మాకు తెలిసిందే. ఇటుకలు మోసిన ఇల్లయినా మాకు మనిషిని దించే వాకిలి లేదు. అక్క నా చీరలు మూటగట్టి దవాఖానకే తెచ్చింది. అంబులెన్సు ఎక్కుతుంటే సెక్రటరీ సారు దగ్గరికొచ్చి, "పెద్దకర్మ అయ్యేదాకా గది అలాగే ఉంచుతాం. ఆ తర్వాత మాకు జంట కావాలి, ఏమనుకోకు" అన్నాడు. మంచివాడే. ఆయన చెప్పింది నిజమే. కానీ ఆ నిజం నా వెంట అంబులెన్సులో జనగామ దాటి ఊరిదాకా వచ్చింది.

ఊళ్లో మరిది వాకిట్లో దించారు. అంతా పద్ధతిగా చేశాడు, ఏ లోటూ రానీయలేదు. కానీ వచ్చిన ప్రతి మనిషితో ఒకే మాట. "మా అన్న పానమంత ఊరి మీదనే ఉండె. వస్తనన్నడు. మొన్ననే ఫోన్ల మాట్లాడుకున్నం." విన్నవాళ్లు కళ్లొత్తుకునేవాళ్లు. నేను మూలన కూర్చొని వింటూ ఉన్నాను. కర్మ అయ్యాక, ఇంట్లోవాళ్లే ఉన్నప్పుడు నోరు తెరిచాను.

"తమ్మీ, ఆయన వస్తనన్లే. వస్తలేమని నీకు చెప్పమన్నడు. ఆ మాటనే ఆఖరిది."

మరిది ఏడవలేదు, తిట్టలేదు. నమ్మలేదు. "వదినె, నువ్వు ఏడ్చి ఏడ్చి ఏమేమో అంటున్నవ్. జర పండుకో" అన్నాడు.

తోటికోడలు మెల్లగా, "అక్కా, నీకు పట్నం మీద మనసుంటె ఉండనియ్యి, గని పోయినోని నోట్లె మాట పెట్టకు" అంది.

అప్పుడు తెలిసింది నా పరిస్థితి. ఆయన మాట నేను ఒక్కదాన్నే విన్నాను. నేను పట్నం పోతే ఆ మాట నిజమవుతుంది. ఇక్కడ ఉండిపోతే, ఆయన ఊరి కోసం ప్రాణం కొట్టుకొని చచ్చినవాడిగానే మిగులుతాడు. అది ఆయన సంగతి. నా సంగతి వేరే. ఆ ఇంట్లో నాకు అన్నం పెడతారు, గౌరవంగానే పెడతారు. కానీ నేను ఎవరింటి మనిషిని? పొద్దున్నే ఎవరైనా పని మీద బయలుదేరితే తోటికోడలు, "అక్కా, జర లోపటనే ఉండు" అంటుంది. చెడ్డ మనసుతో కాదు. ఎదురు వస్తే మంచిది కాదని ఊరి నమ్మకం. పట్నంలో పొద్దున నేనే గేటు తీసేదాన్ని. పరీక్షకు పోయేవాళ్లు, పెళ్లిచూపులకు పోయేవాళ్లు నా ముందు నుంచే పోయేవాళ్లు. విధవనయ్యాక కూడా ఆ గేటు తీయొచ్చా, లేదా? అదే నా మనసులో తిరుగుతూ ఉండేది. ఆ గది పోతే గేటు పోతుంది. గేటు పోతే ఇంక ఈ మూలే.

కానీ పోతానని లేచి పోవడానికి లేదు. మా దగ్గర నిద్రల పద్ధతి ఉంది. మనిషి పోయిన ఇంటివాళ్లు తమంతట తాము ఇంకొకరి గడప తొక్కకూడదు. కర్మ అయ్యాక అయినవాళ్లు వచ్చి, "నిద్రకు రా" అని పిలుచుకుపోతారు. అన్నం పెట్టి, ఒక రాత్రి తమ ఇంట్లో పండుకోబెట్టి, పొద్దున చీర పెట్టి తోలుతారు. అప్పుడు ఆ ఇంటి తలుపు మళ్లీ తెరుచుకున్నట్టు. ఎవరు పిలిస్తే వాళ్లు అయినవాళ్లు. పిలిచినవాళ్లను కాదనకూడదు. పట్నం నుంచి నన్నెవరు పిలుస్తారు? సెక్రటరీ సారు పిలుస్తాడా?

మొదటి నిద్రకు మా తమ్ముడు వచ్చి దంతాలపల్లి దగ్గర మా పుట్టింటికి తీసుకుపోయాడు. దారంతా పచ్చగా ఉంది. నా పెళ్లికి ముందు కూడా అంత పచ్చదనం చూడలేదు. మడుల్లో నాటు వేస్తున్నారు. పాట వినపడుతోంది, భాష అర్థం కావడం లేదు. "ఎవలురా వీళ్లు?" అంటే తమ్ముడు, "ఉత్తరాది నుంచి వస్తరక్కా. గుత్తకు తీస్కుంటరు. మనోళ్లు నాటుకు ఏడున్నరు? మీరంత పట్నంల ఉంటిరి" అన్నాడు. కలుపుకు మందు కొడుతున్నారట, కోతకు మిషన్ వస్తుందట.

గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. నీళ్లు లేవని మేం పోయాం. నీళ్లొచ్చాయి. కానీ నీళ్లొచ్చేసరికి నా చేతులు చేసే పనులన్నీ ఎవరో ఒకరు తీసుకున్నారు. ఆ నాటు వేసే ఆడమనిషి ఒకతి నడుము ఎత్తి నా వైపు చూసి నవ్వింది. ఆమె ఊళ్లో ఎవరు నాటు వేస్తున్నారో అనుకున్నాను. ఆమె కూడా ఎవరి వెంటనో వచ్చి ఉంటుంది.

రెండో నిద్ర భూపాలపల్లిలో, మా చెల్లె ఇంట్లో. చెల్లె మొగడు బొగ్గు లారీ నడుపుతాడు. ఒకప్పుడు వాళ్లది ఊరి చివర ఇల్లు. ఇప్పుడు ఇంటి ముందు దుకాణాలు, వెనక ఎత్తున మట్టి గుట్టలు. మధ్యాహ్నం బొగ్గుబాయిలో, అదే గనిలో, మందు పేలిస్తే అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. నేను లేచి నిలబడ్డాను. చెల్లె తల కూడా ఎత్తలేదు. "కూసో అక్కా, పైసల మోత అది. అది మోగకుంటె మా అందరికి భయమైతది" అని నవ్వింది. మేం పట్నం వెతుక్కుంటూ పోయాం. వీళ్ల మీదికి పట్నమే నడుచుకుంటూ వచ్చింది. తేడా ఏమిటంటే చెల్లె పుట్టిన మట్టి మీదే ఉండి ఊరు పోగొట్టుకుంది. అది ఆమెకు బాధగా ఉందా అని అడిగాను. "బాధ ఉంటది. గని చాయ్ కావాలంటె గడప దిగితె దొరుకుతది. రెండు ఒక్కపారే ఉంటయి అక్కా" అంది. నా చెల్లె బడికి పోలేదు. నాకు ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది.

మళ్లీ అత్తగారి ఊరికి వచ్చిన రోజే సెక్రటరీ సారు ఫోన్ చేశాడు. ఎవరో జంట అడుగుతున్నారు, ఇంక ఆపలేం అన్నాడు. మరిది విని, "మంచిగైంది. ఇంక ఆ లొల్లి బంద్" అన్నాడు.

ఆ మరునాడు పొద్దెక్కాక ఆటో దిగి వాకిట్లోకి వచ్చింది పట్నంలో పక్క గల్లీ అక్క. చేతిలో పండ్ల సంచి. మరిది ఎవరు కావాలన్నట్టు చూశాడు.

"మా చెల్లెను నిద్రకు తీస్కపోను వచ్చిన" అంది.

తోటికోడలు చేటలో బియ్యం ఏరుతూ ఆగి, "మీ తండల గిసొంటి నిద్రలుంటయా?" అంది.

"మా తండల సంగతి ఎందుకమ్మా? మీ ఇంట్ల ఉన్నయి గద. మీ పద్ధతి తెలుసుకొనే వచ్చిన."

మరిది నవ్వాడు గానీ ఆ నవ్వులో కోపం ఉంది. "మీదేడ ఇల్లు? సెల్లారే గద? వదినె పోయి కార్ల నడుమ పండుకోవాల్నా?"

"కార్లు గురకవెట్టవు తమ్మీ. మా ఇంటాయనకంటె నయం."

మూలన కూర్చున్న మా ఆయన మేనత్త ఫక్కున నవ్వింది. ఆమెకు కళ్లు సరిగా కనపడవు, చెవులు మాత్రం గట్టివి. మరిది ఏదో అనబోతే ఆమె కర్ర నేలకు కొట్టింది.

"ఒరేయ్, నిద్రకు పిలిచినోళ్లను వాపస్ తోలుతరా? మీ అయ్య పోయిన్నాడు మనల్ని పిలిచెతందుకు ఎందరొచ్చిండ్రో లెక్క పెట్టుకొని మురిసినవ్. ఈమె బస్సు మారి, ఆటో మారి వచ్చింది. పిలిచినోళ్లే చుట్టాలు. పో బిడ్డా, లే."

మరిది పక్కకు తప్పుకున్నాడు. ఆ పద్ధతి వాళ్ల ఇంటిదే. దాన్ని కాదంటే ఊళ్లో తలెత్తుకోలేడు. నేను మూట సర్దుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి మెల్లగా, "వదినె, ఊరోళ్లు నన్నే అంటరు. అన్న పోంగనే వదినెను ఎల్లగొట్టిండంటరు" అన్నాడు. మరిది బాధ అదని అప్పటిదాకా నాకు తెలియదు. "ఎవలన్న అంటె, నిద్రకు పోయిందని చెప్పు తమ్మీ" అన్నాను.

ఆ రాత్రి అక్క సెల్లారు గదిలో పండుకున్నాను. ఆమె భర్త మంచం బయట వేసుకున్నాడు. జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. పైన ఎవరింట్లోనో కుళాయి నీళ్లు పైపులో దిగుతున్న చప్పుడు గోడలో నుంచి వినపడింది. ఊళ్లో నిద్ర పట్టని నాకు ఆ చప్పుడుకు కన్ను మూతబడింది. పొద్దున అక్క ఆకుపచ్చ చీర పెట్టింది. "రంగు చీర పెడితె ఎవలన్న ఏమన్న అంటరా?" అని అడిగింది. "ఈడ ఎవలంటరు?" అన్నాను.

ఆ చీరతోనే నా అపార్టుమెంటుకు పోయాను. గది అప్పటికే పోయింది. కొత్త జంట దిగారు, మహబూబాబాద్ అవతలి నుంచి. పిల్లకు ఇరవై ఏళ్లు కూడా నిండినట్టు లేవు. నా సామాను ఒక పక్కన పేర్చి, మీద దుప్పటి కప్పి పెట్టింది. "అవ్వా, ఏది ముట్టలే. నీళ్లెప్పుడొస్తయి ఈడ?" అంది. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. మోటరు స్విచ్ చూపించాను. తర్వాత అడిగాను, "మీకాడ నీళ్లు లేవా బిడ్డా? పొలం లేదా?"

"ఉన్నయవ్వా. నీళ్లున్నయి, పొలముంది, అత్తమామలు మంచోళ్లే."

"మరి?"

ఆ పిల్ల తల వంచుకొని, "మాకంటు ఒక తలుపు కావాలె అవ్వా. మేం ఏసుకుంటె పడాలె, మేం తీస్తె తెరువాలె" అంది.

కరువు అని చెప్పి ఇన్నేళ్లు నేను దాటవేసిన సంగతిని ఆ పిల్ల వచ్చీ రాగానే చెప్పేసింది. మా ఆయన, నన్ను ఏ ఇంటోడివని అడుగుతలేరు గద, అన్నది కూడా అదే. ఊరు మంచిది కాదని నేను అనను. ఊళ్లో మనిషి ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అవుతాడు, కొడుకో, మరిదో, కూలో, విధవో. పట్నంలో కొన్ని గంటలైనా ఏమీ కాకుండా ఉండొచ్చు. అదీ ఒక తిండే. కడుపుకు తెలియదు గానీ మనిషికి తెలుస్తుంది.

గది లేదు గానీ ఇళ్లలో గిన్నెల పని ఉందని సెక్రటరీ సారు అన్నాడు. ఆ పని పట్టుకున్నాను. గల్లీ వెనక రేకుల గది ఒకటి ఖాళీగా ఉంటే అక్క తీసుకుపోయింది. ఇంటి యజమానురాలు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఎంతమంది?"

"మా చెల్లె ఒక్కతె" అంది అక్క.

"ఒంటిగా ఉండేటోళ్లకు ఇయ్యం. రేపు ఏమన్న అయితె మా వాకిట్ల పెట్టుకొని కూసోవాల్నా?"

అక్క ఏదో గట్టిగా అనబోయింది. నేనే ఆపి చెప్పాను. "సచ్చినంక ఊరికే పోత తల్లీ. నన్ను తీస్కపోను మరిది ఉన్నడు, వాకిలున్నది. బతికినన్నాళ్లు ఈడ ఉండనియ్యి."

ఆమె కాసేపు నన్నూ, నా ఆకుపచ్చ చీరనూ చూసింది. అడ్డం తొలగింది.

ఇదీ సంగతి. గేటు ఇప్పుడు ఆ పిల్ల తీస్తుంది. నేను పొద్దున గిన్నెలకు పోతుంటే ఎదురుగా వచ్చేవాళ్లు ఎవరూ ఆగరు, ఎవరి తొందర వాళ్లది. వచ్చే వారం మాసికానికి ఊరికి పోతున్నాను. మరిది మళ్లీ అదే మాట అంటాడు, అన్న మనసు ఊరి మీదే ఉండె అని. నేను నోటితో చెబితే నమ్మడు. బిడ్డా, నీ చేత ఇది చదివిస్తే కూర్చొని వింటాడేమో. నమ్మినా నమ్మకపోయినా వినాలి.

ఇంక ఆపు బిడ్డా. అక్క కూడా వచ్చింది, చూడు, గడప మీద కూర్చుంది. ఆ టీవీ బంద్ చేసి మొదటి నుంచి చదువు. జర గట్టిగా చదువు. ఎక్కడన్నా నేను అననిది ఉంటే చెయ్యెత్తుతాను, అక్కడ ఆగు.